డప్పుల వెంట

డెబ్భై తొమ్మిదిలో ఇంజనీరింగ్ చదవడానికి కెన్యా నుంచి వరంగల్ వచ్చిన కమావుకు మూడు నెలలైనా ఒక్క స్నేహితుడూ దొరకలేదు. పిల్లలు గుడ్లప్పగించి చూసేవారు, పెద్దలు నవ్వి తప్పుకునేవారు. ఆ ఆదివారం హన్మకొండ వీధిలో డప్పులు మోగుతుంటే, చిందులేస్తున్న గుంపులోంచి ఒకతను "రా తమ్మీ" అని చెయ్యి పట్టి లాగాడు. పెళ్లి ఊరేగింపు అనుకున్నాడు కమావు. ఒళ్లు మరిచి ఆడాడు. నెత్తిన పడ్డ పేలాలకు, బంతిపూల రెక్కలకు మురిసిపోయాడు.

మలుపులో వెనక్కి తిరిగి చూస్తే పాడె మీద ఒక ముసలాయన ఉన్నాడు. ఇక కమావు ఆడలేడు, ఆగలేడు, పారిపోలేడు. చెయ్యి పట్టినతను "మా కాక పోయిండు తమ్మీ" అంటూ అతని భుజం మీద తల వాల్చి ఏడ్చాడు. కమావు ఆ తలను మోస్తూ శ్మశానం దాకా నడిచాడు.

ఇల్లు చేరేసరికి, జుట్టులో పేలాలు చూసి ఇంటి ఓనరు సరస్వతమ్మ గడప బయటే ఆపింది. "ఆడనే ఉండు బిడ్డా. తానం చేసినంకనే లోపలికి రావాలె, నీళ్లు తెస్త. ఎవరు పోయిండ్రు?"

అడిగింది అర్థమైంది. చెప్పడానికి కమావు దగ్గరున్న తెలుగు నాలుగు ముక్కలే.

"దోస్తు," అన్నాడు.