పదిహేడో సున్నా

రోడ్ల విభాగంలో పటాలు గీసే పని ఆవిడది. అందుకని ఆఫీసంతా ఆవిడను గీతలమ్మ అనేవారు. ఆ శాఖకు బదిలీ మీద వచ్చి మూడు నెలలయింది. భర్త పోయాడని అందరికీ తెలుసు. ఎలా పోయాడని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అడిగితే చెప్పేదే. కానీ ఏడవని మనిషిని జనం రెండోసారి పలకరించరు.

ఆ రోజు ఇంజనీరుగారు ఆమె బల్ల మీద కాగితాల కట్ట పెట్టారు. ఊళ్ళోకెల్లా రద్దీగా ఉండే నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ దీపాలు పీకించి, నడుమ గుండ్రటి దిమ్మె కట్టించి, బళ్ళన్నీ దాని చుట్టూ తిరిగి వెళ్ళేలా రౌండ్‌అబౌట్ వేయించాలని ఆయన పట్టుదల. పచ్చదీపం వెలిగిందని ఒకడు, ఇంకా ఎర్రబడలేదని ఇంకొకడు దూసుకొచ్చి అడ్డంగా గుద్దుకునే చోటు అది. చుట్టూ తిరగాల్సి వస్తే ఎంత మొండివాడైనా వేగం తగ్గించక తప్పదని ఆయన పదేళ్ళుగా చెబుతున్నారు. వినేవాళ్ళు పదేళ్ళుగా తలలూపుతున్నారు.

"తెర మీద చూపిస్తే కమిటీవాళ్ళు నిద్రపోతారమ్మా. పెద్ద కాగితం మీద సిరాతో గీయండి. వేలు పెట్టి చూస్తారు," అన్నారాయన.

ప్రమాదాల పటం గీయడానికి ఒక పద్ధతుంది. ఒక్కో ప్రమాదానికి బళ్ళు వచ్చిన వైపు చూపే రెండు బాణాలు. అవి కలిసినచోట ఒక సున్నా, దాని పక్కన నంబరు. దెబ్బలతో బయటపడితే ఖాళీ సున్నా, ప్రాణం పోతే నల్లగా నింపిన సున్నా. మూడేళ్ళలో అయిదు నల్ల సున్నాలుంటేనే కమిటీ ఆ కూడలిని తవ్వనిస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, అదే. కాకపోతే ఇక్కడ అయిదుసార్లు కాలాలి.

మధ్యాహ్నానికి పటం పూర్తయింది. ఇంజనీరుగారు నల్ల సున్నాలు లెక్కపెట్టారు. నాలుగే ఉన్నాయి.

"ఒకటి తగ్గింది," అన్నారు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. "ఇంక వచ్చే ఏడాదికే. అప్పటికి ఎలాగూ..." అని నాలిక్కరుచుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు.

గీతలమ్మ పదిహేడో నంబరు వైపు చూసింది. రెండు చక్రాల బండి, మగమనిషి, నలభై ఒక్కేళ్ళు, దెబ్బలు తగిలాయి. ప్రమాదం జరిగిన సాయంత్రమే పోలీసులు ఆ కాగితం మూసేస్తారు. తర్వాత మనిషి బతికాడా పోయాడా అని ఆసుపత్రికి వెళ్ళి అడిగే నాథుడు ఉండడు. పదిహేడో నంబరు పన్నెండో రోజు తెల్లవారుజామున పోయాడు. మంచం పక్కన కూర్చున్నది ఆవిడే.

"తర్వాత పోయినవాళ్ళని కలపొచ్చా సార్?"

"నెలలోపు పోతే కలపొచ్చు. మరణ పత్రం కావాలి. ఎవరు తెచ్చిస్తారమ్మా? రేపు మధ్యాహ్నమే మీటింగు."

ఆ పత్రం ఇంట్లో, అత్తగారి బీరువాలో ఉంది. సాయంత్రం అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని సంగతంతా చెప్పింది. ముసలామె చేతులు ఆగిపోయాయి.

"అయితే ఆ కాగితాల్లో వాడింకా బతికే ఉన్నాడా?"

"దెబ్బలు తగిలాయని ఉంది అత్తయ్యా."

"దెబ్బలు తగిలినవాళ్ళు లేస్తారు కదా. ఉండనీ. ఒక్కచోటైనా ఉండనీ. నీ సొమ్మేం పోయింది?"

"అయిదు లేకపోతే ఇంకొకళ్ళు పోయేదాకా ఆగుతారు అత్తయ్యా."

"ఎవరు?"

"తెలీదు."

"తెలీనివాళ్ళ కోసం నా కొడుకుని మళ్ళీ చంపుతావా? ఎనిమిది నెలలుగా చూస్తున్నాను, నీకు చీమ కుట్టినట్టయినా లేదు. నువ్వు చంపగలవులే."

కోపం రావాలి. ఏడుపైనా రావాలి. రెంటికోసమూ కాసేపు ఎదురుచూసింది గీతలమ్మ. ఏదీ రాలేదు. లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది.

పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మం దగ్గర కవరు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ తెలీనివాడికీ ఓ తల్లి ఉండే ఉంటుంది," అని సణిగింది. "తీసుకెళ్ళు. నువ్వే నింపు. పరాయివాళ్ళ చేత నింపించకు."

ఇంజనీరుగారు పత్రం చదివారు. పేరు చదివారు, చిరునామా చదివారు, భార్య పేరున్న చోట ఆగిపోయారు. తలెత్తి ఆమెను చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇలా ఇవ్వండమ్మా, నేను నింపుతాను."

"వద్దు సార్. మీరైతే గీత దాటించేస్తారు."

కలం ముంచి పదిహేడో సున్నాను అంచు నుంచి లోపలికి నింపింది. ఎక్కడా తెల్లటి చుక్క మిగల్చలేదు. ఆరేదాకా కదలకుండా కూర్చుంది. ఇంజనీరుగారు ఈసారి నల్ల సున్నాలు లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం కమిటీ పది నిమిషాల్లో సరేనంది. దిమ్మె మీద పూలమొక్కలు వేస్తే ఎలా ఉంటుందని ఒకాయన అడిగాడట. దానిమీద మరో అరగంట చర్చ జరిగిందట.

ఇంటికొచ్చేసరికి అత్తగారు దీపం వెయ్యకుండా ముందుగదిలో కూర్చుని ఉంది.

"నింపావా?"

"నింపాను అత్తయ్యా. కమిటీ ఒప్పుకుంది. వచ్చే నెలలో తవ్వుతారు."

"చెయ్యి వణికిందా?"

అబద్ధమాడొచ్చు. వణికిందంటే పెద్దావిడ ప్రాణం కాస్త కుదుటపడుతుంది. కోడలు రాయి కాదని నమ్ముతుంది. కానీ అబద్ధమాడే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

"లేదు."

తిట్టు పడుతుందనుకుంది. పడలేదు. అత్తగారు తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"నాదీ వణకలేదే," అంది చివరికి. "పొద్దున బీరువా తీసి ఆ కాగితం పైకి తీస్తుంటే వణుకుతుందేమోనని చూశాను. ఊహూఁ. కన్నతల్లినే. మనకేమయిందే అమ్మాయ్?"

"తెలీదు అత్తయ్యా," అంటూ గీతలమ్మ భుజాన ఉన్న సంచీ అయినా దించకుండా ఆమె పక్కన నేల మీద కూలబడింది.