అత్తయ్య కడుపులో నాచు

"వాంతులు, గ్యాస్ పోకపోవడం... ఇదంతా ఎప్పటినుంచి?" సర్జన్ అడిగారు.

"ఇవాళ పొద్దుటినుంచే డాక్టర్ గారూ," అన్నారు మా ఆయన.

స్ట్రెచర్ మీద మా అత్తయ్య కళ్లు మూసుకుని మూలుగుతోంది. "పేగుకి ఏదో అడ్డం పడింది. ఇవాళే అయితే ముక్కులోంచి గొట్టం వేసి రేపటిదాకా చూద్దాం, దానంతటదే తొలగిపోవచ్చు," అంటూ సర్జన్ కాగితం మీద రాయసాగారు.

నాకు తెలుసు. ఇవాళ కాదు, మొన్నటినుంచి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. తెలిసింది చెప్పకుండా ఉండలేని జబ్బు నాది. యాంటీబయాటిక్స్ వాడాక అత్తయ్యకు అరుగుదల మందగిస్తే, ఎండబెట్టిన సముద్రపు నాచు డబ్బా కొనుక్కొచ్చాను. "ఇందులో పీచు మనకి అరగదు అత్తయ్యా. పేగుల్లో బ్యాక్టీరియాకి అదే మేత. అవి పెరిగితే మీ కడుపు బాగుపడుతుంది," అని పాఠం చెప్పి, రోజూ చిటికెడు నానబెట్టి సూప్ కాచి, స్కూలుకి వెళ్లేముందు గిన్నెలో పోసి పెట్టేదాన్ని. కడుపు ఉబ్బరంగా ఉంది, ఊరికే గ్యాస్ పోతోంది అంటే, "కొత్త మేత కదా, అలవాటు పడాలి," అన్నాను. మొన్న పొద్దున, "ఇప్పుడు గ్యాస్ అసలు పోవట్లేదమ్మాయ్," అంది. "చూశారా! మీ బ్యాక్టీరియా దారికొచ్చింది!" అని ఎగిరి గంతేశాను. స్టాఫ్‌రూమ్‌లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఎంత తెలివితక్కువదాన్ని!

సర్జన్ సంతకం పెట్టి లేచారు.

"ఇవాళ కాదండీ," అన్నాను. "మొన్న పొద్దుటినుంచే గ్యాస్ పోవట్లేదు. నాతో చెప్పారు. నేనే... తగ్గిపోయిందనుకున్నాను."

మా ఆయన నా వంక చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను. సర్జన్ మాత్రం ఆ కాగితం చించేసి, "థియేటర్ సిద్ధం చెయ్యండి," అని నర్సుని కేకేశారు.

రెండు గంటలు పట్టింది. మా ఆయన నా పక్క కుర్చీ వదిలేసి దూరంగా కూర్చున్నారు. సర్జన్ బయటికొచ్చి, "పేగులో నాచు ముద్ద అడ్డం పడింది. రేపటిదాకా ఆగుంటే పేగు కుళ్లిపోయేది. ప్రమాదం తప్పింది," అన్నారు. "ఎండుది మింగినట్టున్నారు. లోపలికెళ్లాక నీళ్లు పీల్చుకుని ఉబ్బింది."

ఎండుదా? నేను పెట్టింది సూపు.

మర్నాడు మాట్లాడగలిగాక అత్తయ్యే చెప్పింది. సూప్ వాసన పడక సింకులో పారబోసేదట. నా మనసు నొప్పించడం ఇష్టంలేక డబ్బాలోని ఎండుముక్కల్నే మాత్రల్లా నీళ్లతో మింగేదట.

"మరి నొప్పో? అదెప్పుడు మొదలైంది అత్తయ్యా?"

"ఆ రోజే, గ్యాస్ ఆగినప్పుడే. చెబుదామనే వచ్చానమ్మాయ్. నువ్వంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

ఆవిడ చెయ్యి కళ్లకద్దుకుని ఏడ్చాను.