పెన్సిలు టిక్కులు

నా వెనక నన్ను టిక్కులమ్మ అంటారు. ఎదురుగా కూడా ఒకటి రెండుసార్లు నోరు జారారు. నాకు ముక్కు మీద కోపమని పేరుంది కానీ, ఈ పేరు మీద మాత్రం ఎప్పుడూ కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

నా పని ఒప్పందాలు రాయడం. ఒక కంపెనీ తన పేరూ, బోర్డూ, సరుకూ ఎవరో దుకాణదారు చేతిలో పెట్టి, ఇక మా పేరు మీద నువ్వు నడుపుకో అంటుంది చూడండి, దాన్ని ఫ్రాంచైజీ అంటారు. సరుకు మాత్రమే ఇచ్చి, ఈ నాలుగు వీధుల్లో నువ్వు అమ్ముకో అంటే డిస్ట్రిబ్యూటరు. రెండింటికీ కాగితాలు నేనే రాస్తాను. కాపురం మొదలుపెట్టక ముందే, విడిపోతే ఎవరి గిన్నెలు ఎవరికో రాసిపెట్టడం లాంటి పని ఇది. సంతకం చేసే రోజు అందరూ మొహం చిట్లిస్తారు. విడిపోయే రోజు ఆ కాగితం కోసమే బీరువాలు వెతుక్కుంటారు.

నాకొక పద్ధతి ఉంది. సంతకాలకు ముందు ఒప్పందం మొత్తం పైకి చదువుతాను. ప్రతి పేరానీ ఒకసారి చట్టం భాషలో, ఒకసారి మామూలు మాటల్లో. పేరా అయినప్పుడల్లా నా కాపీ మార్జిన్‌లో పెన్సిలుతో టిక్కు పెడతాను. ఎదుటివాళ్ల చేతికీ ఒక పెన్సిలు ఇస్తాను. విన్నది అర్థమైతే వాళ్ల కాపీలో వాళ్లు టిక్కు పెట్టుకోవాలి. పదహారు పేజీలకు రెండు గంటలు పడుతుంది. కొందరు ఆవలిస్తారు, కొందరు ఫోను చూసుకుంటారు, నేను కసురుతాను. అయితే, మాకు తెలీదు, ఎవరూ చెప్పలేదు అని కోర్టుకెక్కిన వాళ్ల నోళ్లు మూడుసార్లు ఆ టిక్కులే మూయించాయి. మూడోసారి జడ్జిగారు నా ఫైలు తిరగేసి, "ఈవిడ టిక్కు పెట్టారంటే చదివినట్టే" అన్నారు. ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నానో నాకే తెలీదు. వినీ వినీ మా జూనియర్‌కి కంఠతా వచ్చేసింది.

ఇక కళ్లద్దాల కంపెనీ సంగతి. దాని యజమాని వాళ్ల నాన్నగారి కాలం నుంచీ నాకు తెలుసు. నన్ను అక్కయ్యగారూ అని పిలుస్తాడు. నలభైకి పైగా దుకాణాలు ఆ పేరు మీద నడుస్తున్నాయి, అన్నింటి కాగితాలూ నేను రాసినవే. మొన్న ఒకరోజు ఫోను చేశాడు. రైల్వే స్టేషన్ ఎదురు వీధిలో దుకాణం నడిపే ఆయన పోయి ఎనిమిది నెలలైందట. ఆయనతోపాటే ఒప్పందమూ ముగిసింది. ఆయన కూతురు కంపెనీ బోర్డు మర్యాదగా దింపి, తుడిచి, లారీలో పంపించిందట. తర్వాత అదే గదిలో సొంత బోర్డు పెట్టుకుని కళ్లద్దాలే అమ్ముతోందట.

"ఆ వీధి ఇంకొకరికి ఇచ్చేశాను అక్కయ్యగారూ. మన ఇరవై మూడో క్లాజు ఉందిగా, ఒక నోటీసు పడేయండి" అన్నాడు.

ఇరవై మూడో క్లాజంటే ఇది. ఒప్పందం ముగిశాక, దాని మీద సంతకం చేసిన వాళ్లెవరూ రెండేళ్లపాటు మూడు కిలోమీటర్ల లోపల అదే వ్యాపారం చేయకూడదు. ఆ అమ్మాయి అప్పుడు తండ్రి పక్కన కౌంటర్లో ఉండేది కాబట్టి ఆమె సంతకం కూడా తీసుకున్నాం. కాఫీ చల్లారేలోపు నోటీసు చెప్పి రాయించేశాను. పదిహేను రోజుల్లో దుకాణం మూయాలి.

నోటీసు అందిన నాలుగో రోజు ఆ అమ్మాయే వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా జేబులో కళ్లజోళ్ల మరలు బిగించే సన్నటి స్క్రూడ్రైవరు, బొటనవేలి మీద అద్దాల అంచు గీసిన పాత గాట్లు. ఏడుస్తుందేమోనని ముందే విసుక్కుని కూర్చున్నాను. ఏడవలేదు.

"నేను కంపెనీ తరఫు లాయర్ని. నాతో మాట్లాడకూడదు, మీ లాయర్ని పంపించమ్మా" అన్నాను.

"లాయరున్నాడు మేడమ్. ఏళ్ల తరబడి లాగుదాం అంటున్నాడు. నాకు లాగడం ఇష్టం లేదు. మిమ్మల్ని ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను." సంచిలోంచి వాళ్ల నాన్న కాపీ తీసి నా ముందు పెట్టి, పదిహేనో పేజీ తెరిచింది. "ఆ రోజు నేను బయట పనిమీద పోయి సంతకాల వేళకి వచ్చాను. అన్నీ చదివించుకున్నా, పెట్టమ్మా అన్నాడు నాన్న. పెట్టేశాను. ఇప్పుడు చూస్తే మొదటి పేజీ నుంచీ పద్నాలుగో పేజీదాకా పేరా పేరాకీ నాన్న టిక్కులున్నాయి. ఈ పేజీలో ఒక్కటీ లేదు. తర్వాతి పేజీలోనూ లేదు."

నేను చూశాను. మార్జిన్ తెల్లగా ఉంది.

"నాన్న మతిమరుపు మనిషి కాదు. అయినా మరిచిపోయాడేమో, నాకు తెలీదు. మీరు ఈ పేజీ చదివారా మేడమ్? చదివానని మీరంటే చాలు, రేపే బోర్డు దించేస్తాను. లాయరమ్మ మాటంటే మాటే అనేవాడు నాన్న."

ఏ లాయరూ ఇలాంటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడు. నేనూ చెప్పలేదు. ఫైలు చూడాలి, మూడు రోజులు ఆగమన్నాను. ఆమె తలూపి, కాగితాలు జాగ్రత్తగా మడిచి, కుర్చీ మళ్లీ బల్ల దగ్గరికి జరిపి వెళ్లింది.

ఫైలు చూడాల్సిన పని లేదు. ఆమె పేజీ తిప్పుతుండగానే నాకు ఆ రోజంతా గుర్తొచ్చింది.

ఆరేళ్ల కిందటి మాట. దుకాణంలోనే కూర్చున్నాం. లోపల గదిలో అద్దాలు అరగదీసే యంత్రం గీమంటూ తిరుగుతోంది. ఆ పెద్దమనిషి ప్రతి పేరాకీ ఒక ప్రశ్న వేశాడు. నాకు విసుగూ వచ్చింది, ముచ్చటా వేసింది. మధ్యలో లేచి ఒకావిడకి కళ్లు పరీక్ష చేసి వచ్చాడు. వస్తూ వస్తూ గోడ మీది అక్షరాల అట్ట తిప్పి రెండో వైపు పెట్టాడు.

"అదెందుకండీ?" అని అడిగాను.

"ఏటేటా వచ్చేవాళ్లకి కింద వరస కంఠతా వచ్చేస్తుంది లాయరమ్మా. కనపడకపోయినా గడగడా చెప్పేస్తారు. అబద్ధమాడాలని కాదు, వాళ్లకి చూస్తున్నట్టే ఉంటుంది పాపం. అందుకని అట్ట మారుస్తుంటాను" అన్నాడు.

నవ్వుకున్నాం. మళ్లీ చదవడం మొదలైంది. పద్నాలుగో పేజీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బయట ఇద్దరు గిరాకీలు నిలబడ్డారు, నాకు ఇంకోచోట ఇంకో సంతకం ఉంది. చివరి రెండు పేజీలు ప్రతి ఒప్పందంలోనూ ఉండేవే. నేను రాసినవే, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. "ఇక మిగతావన్నీ మామూలువేనండీ" అని పేజీలు తిప్పేశాను. తిప్పుతూ నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ఆమె వెళ్లాక ఫైలు తీయించి చూశాను. నా కాపీ పదిహేనో పేజీలో అయిదు టిక్కులున్నాయి. అయిదూ ఒకే ఏటవాలుగా, ఒకే పొడవులో, ఒక్క ఊపులో పడ్డాయి. చదువుతూ పెట్టిన టిక్కులు అలా ఉండవు. మధ్యలో ఎవరో ప్రశ్న వేస్తారు, చెయ్యి ఆగుతుంది, ఒకటి పొట్టిగా, ఒకటి వంకరగా పడుతుంది. పద్నాలుగో పేజీలో అలాగే ఉన్నాయి. ఈ తేడా జడ్జిగారికి తెలీదు, ఎదుటి లాయరుకి తెలీదు. నాకు తెలుసు.

మా జూనియరు భుజం మీదుగా తొంగిచూసి, "మన కాపీలో ఉన్నాయిగా మేడమ్, ఇంకేం" అంది.

అవును, ఇంకేం. ఆయన లేడు. ఆమె ఆ సమయానికి అక్కడ లేదు. తెల్ల మార్జినుకీ నా టిక్కుకీ మధ్య ఎవరి మాట నెగ్గుతుందో అందరికీ తెలుసు. ఆ అమ్మాయికి నేను చదివానమ్మా అని ఒక్క మాట చెబితే చాలు, పద్దెనిమిదేళ్ల వయసు నుంచీ నిలబడిన కౌంటరు వదిలి, మారుమాట లేకుండా పోతుంది. వేరే పని ఆమెకు తెలీదు. ఆ వీధిలో ఎవరి కళ్లకు ఎంత నంబరో ఆమెకు తెలుసు, అంతే.

రెండు రోజులు నాకు నేనే లాయర్నై వాదించుకున్నాను. ఆయన అడిగి ఉండొచ్చుగా అన్నాను. సంతకం చేసినవాడు చదువుకోవాలిగా అన్నాను. ఇలాంటి క్లాజు ప్రపంచమంతా ఉందన్నాను. అన్నీ మంచి వాదనలే, ఎవరైనా చెప్పి ఉంటే మెచ్చుకునేదాన్ని. అసలు సంగతి నాకు భయం వేసింది. ఈ ఒక్క పేజీ అబద్ధమని ఒప్పుకుంటే, ఇరవై రెండేళ్ల టిక్కుల్లో దేన్ని ఎవరు నమ్ముతారు? ఆ భయం తప్ప నా దగ్గర వేరే వాదన లేదని తెలిశాక సిగ్గేసింది.

మూడో రోజు పొద్దున్నే యజమాని దగ్గరికి వెళ్లాను. రెండో కుర్చీ మీద ఫ్రేముల డబ్బాలు ఉంటే అతనే తీసి కింద పెట్టి కూర్చోమన్నాడు. ఫైలు తెరిచి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టాను. చుట్టూ తిప్పకుండా చెప్పేశాను. ఈ అయిదు టిక్కులూ చదవకుండా పెట్టినవి, ఆ క్లాజు ఆయన వినలేదు, ఆయన మాట మీద సంతకం పెట్టిన కూతురూ వినలేదు.

అతను చాలాసేపు టిక్కుల వంక చూశాడు. "నాకేం తేడా కనపడటం లేదు అక్కయ్యగారూ" అన్నాడు.

"నీకు కనపడదు. నేను చెబుతున్నాగా."

"పోనీ మీరు తప్పుకోండి. వేరే లాయర్ని పెట్టుకుంటాను."

"పెట్టుకో. నన్ను సాక్షిగా పిలుస్తారు. అడిగితే ఇదే చెబుతాను."

"మా నాన్న మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఇప్పుడు మా మీదే సాక్ష్యం చెబుతారన్నమాట."

"నా మీద నేను చెప్పుకుంటున్నానయ్యా. మధ్యలో నువ్వు ఇరుక్కున్నావు. దానికి తప్పు నాదే."

అతను ఫైలు మూసి నావైపు జరిపాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు తేలికయ్యేది, కోపం సంగతి నాకు బాగా తెలుసు. "మిగతా నలభై ఫైళ్లలో ఇలాంటివెన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"తెలీదు" అన్నాను.

ఆ ఒక్క మాట నా నోట్లోంచి రావడానికి పట్టినంత సేపు, కోర్టులో ఏ వాదనకీ పట్టలేదు.

అతను ఆలోచించి, నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు ఉత్తరం రాసుకు రమ్మన్నాడు. ఆ వీధి తీసుకున్న కొత్త మనిషికి సర్దిచెప్పుకుంటానన్నాడు. తర్వాత, నా మొహం చూడకుండా, ఇదే మన ఆఖరి కాగితం అక్కయ్యగారూ అన్నాడు. సరేనన్నాను. గుమ్మందాకా వచ్చాక, ఆ అమ్మాయికి నిజం చెప్పొచ్చా అని అడిగాను. "మీరు చేసిన పని, మీరే చెప్పుకోండి" అన్నాడు.

ఆ సాయంత్రమే అతని సంతకంతో ఉత్తరం రెండు కాపీలు తీసుకుని దుకాణానికి వెళ్లాను. కొత్త బోర్డు రంగు ఇంకా వాసన వేస్తోంది. ఆమె ఒక ముసలాయన కళ్లజోడుకి ముక్కు దగ్గర మెత్తలు మారుస్తోంది. నన్ను చూసి ఆమె చెయ్యి ఆగింది. ఆ జోడు పూర్తిచేసి, తుడిచి, ఆయనకి పెట్టి పంపించాక వచ్చింది.

"బోర్డు దించమంటారా మేడమ్?"

"వద్దమ్మా. ఆ పేజీ నేను చదవలేదు. చదివినట్టు నా కాపీలో టిక్కులు పెట్టుకున్నాను. మీ నాన్నగారు ఏమీ మరిచిపోలేదు. వినని దానికి ఆయన టిక్కు పెట్టలేదు, అంతే."

తిడుతుందేమోనని చూశాను, తిడితే పడదామనే వచ్చాను. ఆమె గోడ మీది అక్షరాల అట్ట వైపు తిరిగి, చేతి వెనకవైపుతో కళ్లు తుడుచుకుంది. ఆరోజు చదివేటప్పుడు పక్కన లేనందుకు, నోటీసు అందినప్పటి నుంచీ తనని తనే తిట్టుకుందట. ఆ మాట చాలా చిన్నగా చెప్పింది.

ఒక కాపీ ఆమె ముందు పెట్టి సంచిలోంచి పెన్సిలు తీయబోయాను. ఆమె కౌంటరు సొరుగు లాగి, వేలెడంత మిగిలిన పెన్సిలు ముక్క బయటికి తీసింది. ఆరేళ్ల కిందట నేను ఇచ్చిందే. దాని మీద మా ఆఫీసు పేరు సగం చెక్కుడులో పోయింది.

చదవడం మొదలుపెట్టాను. ఉత్తరం ఒకటిన్నర పేజీ. నోటీసు ఉపసంహరణ ఒక పేరా, ఇరవై మూడో క్లాజు ఆమెకు వర్తించదన్నది ఒక పేరా. ఒక్కోటీ మామూలు మాటల్లో మళ్లీ చెప్పాను. ఆమె రెండు ప్రశ్నలు వేసింది, తండ్రిలాగే. ప్రతిదానికీ ఆగి, విని, టిక్కు పెట్టింది. బయట ఎవరో వచ్చి నిలబడ్డారు.

రెండో పేజీ తిప్పాను. అడుగున ఎప్పుడూ ఉండే నాలుగు వాక్యాలు, నేను వెయ్యిసార్లు రాసినవి.

"గిరాకీ వచ్చినట్టుంది. ఇవి మామూలువేగా మేడమ్, సంతకం పెట్టేయనా?" అంది.

"ఆయన్ని కూర్చోమను తల్లీ" అన్నాను. కళ్లజోడు సర్దుకుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని, మొదటి మాట నుంచి చదివాను.