గోడ మోసే దాయాదులు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాచారం నల్లాలో నెల్లాళ్ళు నీళ్ళు రాకూడదు. ఎలాగూ రావనుకో, అది వేరే సంగతి.

రాష్ట్రం రెండవుతుందా లేదా అని టీవీలు గొంతు చించుకుంటున్న రోజులు. మేడ మీద ఇంటావిడ శ్యామలాదేవి, కింద అద్దెకు కొమురెల్లి కుటుంబం, అందరికీ పెరట్లో ఒకటే స్నానాలగది. దాని గోడలో సిమెంటు చెంచాడు కూడా లేదు. నలభై వేల పొడుగుకాళ్ళ పురుగులు దాన్ని మోస్తున్నాయి. సాలీళ్ళలాగే ఉంటాయి, గూడు మాత్రం అల్లవు. శెనగగింజంత ఒళ్ళు, ఉప్పల్ నుంచి నాగోల్ దాకా కాళ్ళు. కాలనీలో అందరికీ తెలిసిందే. టాంకరు వెంట పరిగెత్తే హడావుడిలో ఎవరు పట్టించుకుంటారు?

"అవి రెండు రకాలే," అనేవాడు శ్యామలాదేవి భర్త పట్టాభిరామయ్య. హబ్సిగూడ ప్రయోగశాలలో ఉద్యోగం ఆయనది. "మచ్చలున్నవి పైన వెంటిలేటర్ దగ్గర, లేనివి కింద తడిలో. దాయాదులే, కానీ ఒకరి జాగాలోకి ఒకరు రారు. అందుకే పేచీ లేదు."

"ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం చేసి కనిపెట్టింది ఇదా," అనేది శ్యామలాదేవి. ఆమె దృష్టిలో పురుగులు, కొమురెల్లి, మొగుడు ఒకే బాపతు. ఇల్లిచ్చిన రోజే తెగేసి చెప్పింది: నలుగురే ఉండాలి, ఐదో తల కనిపిస్తే ఖాళీ.

ఓ పొద్దున ఆమె తువ్వాలుతో దిగేసరికి గడపలో కూర్చున్న కొమురెల్లి, "పోండ్రి అమ్మా, మా రాజవ్వ నీళ్ళు వోసుకున్నది," అన్నాడు.

పెళ్ళాం స్నానం అయింది, గది ఖాళీ అని అతని భావం. గోదావరి జిల్లాలో పుట్టిన శ్యామలాదేవికి నీళ్ళోసుకోవడమంటే కడుపుతో ఉండటం.

"ఆదివారానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యి."

"గదేందమ్మా? పిల్లల పరీక్షలున్నయి. జర ఆగుండ్రి."

"నీళ్ళోసుకునే ముందు ఆలోచించాల్సింది ఆ సంగతి."

కొమురెల్లి తల గోక్కున్నాడు. స్నానానికి ముందు పరీక్షల గురించి ఆలోచించే ఆనవాయితీ వాళ్ళింట్లో లేదు.

ఆదివారం ట్రాలీ ఆటోలోకి సామానెక్కింది. ఆఖర్న తడి బకెట్ ఎక్కించగానే గోడ కిందున్న మచ్చల్లేనివన్నీ బారులు తీరి, దాని వెంటే ఆటో ఎక్కి కూర్చున్నాయి. పైవి కిందికి దిగలేదు. ఎందుకు దిగుతాయి, అది వాటి జాగా కాదుగా. గోడ మూరెడు వంగింది. మరో బెత్తెడు వంగితే మేడమెట్ల మీదే పడుతుంది.

"ఆటో ఆపు," అంది శ్యామలాదేవి. "దిగండి. పుట్టబోయేదాన్ని కూడా ఉండనిస్తాను, ఏం చేస్తాం."

"పుట్టేదెవరమ్మా?" అంది రాజవ్వ. "నాకు ఆపరేషనయ్యి ఆరేండ్లాయె."

"నీళ్ళోసుకున్నావన్నాడుగా నీ మొగుడు."

"రోజూ వోసుకుంట. మీరు వోసుకోరా?"

పట్టాభిరామయ్య పెళ్ళయ్యాక మొదటిసారి పెళ్ళాం ఎదుట నవ్వాడు. ఆవిడ తప్పయిందని అననే లేదు. "మాట్లాడటం కూడా రాదు మనుషులకి," అని గొణుగుతూ తనే బకెట్ మోసుకొచ్చి గోడ మొదట్లో పెట్టింది. పురుగులు ఒక్కోటే దిగి భుజం పట్టాయి. కొమురెల్లి పిల్లలు ఆ ఇంట్లోంచే పరీక్షలకు వెళ్ళారు, ఆ ఏడూ, ఆపై నాలుగేళ్ళూ.

సరే, నోరు తెరుచుకుని విన్నది చాలు. లేచి ఆ బకెట్ నల్లా కింద పెట్టిరా. గోడకి మాత్రం ఆనుకోకు.