సాన్ పెద్రో తిప్పిన సుడి

ఆగండాగండి, ఇది విన్నాక వెళ్దురుగాని.

నా పరిశోధనకి గైడైన సొరైదా మేడమ్, నేనూ కలిసి పైటా అనే రేవు ఊరి తీరానికి దూరంగా ఒక బోయాను వదిలాం. తేలే బంతి, దాని కింద వేలాడే పొడవాటి నీలం గుడ్డ గొట్టం, అంతే. పైపైన నీళ్లు ఎటు పోతే అటు కొట్టుకుపోతూ, తనెక్కడుందో ఉపగ్రహానికి చెబుతుంటుంది. ఇక్కడి దక్షిణపు గాలి తోసే తోపుడికి పై నీళ్లు సముద్రం లోపలికే పోవాలి. మా బోయా కూడా బుద్ధిగా అలాగే పోయింది. పోయి పోయి, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, గాలికి ఎదురుగా రేవులోకి వచ్చేసింది. ఇక అప్పట్నుంచి రోజూ సాయంత్రం రేవు చుట్టూ ప్రదక్షిణలే.

మేడమ్ కుర్చీలోంచి లేచి డాన్స్ చేసినంత పని చేసింది.

"గాలిని లెక్కచెయ్యని సుడి, నెలిదా! దీనికి నీ పేరే పెడదాం. నీ డిగ్రీ వచ్చేసినట్టే."

"సాయంత్రాలే ఎందుకు తిరుగుతోంది మేడమ్?"

"ప్రకృతి టైమింగ్స్ ప్రకృతివి."

రేపు రాజధాని లీమాలో పెద్దలందరి ముందూ ఈ సుడి గురించే ఆవిడ ఉపన్యాసం. బోయాను పట్టుకురమ్మని నన్ను రేవుకు తోలింది.

వచ్చి చూస్తే సాన్ పెద్రో పండగ. జాలర్ల దేవుడాయన, వారమంతా సాయంత్రాలు పడవెక్కి రేవు చుట్టొస్తాడు. ఆయన కాళ్ల దగ్గర రంగు బల్బులు చుట్టుకుని మా బోయా. ఆయన భుజాల మీద నీలం శాలువా, అంటే మా గుడ్డ గొట్టం.

"డోన్ హసింతో, అది మాది," అన్నాను ఆ పడవ యజమానితో.

"నీదా ఇంజనీరమ్మా? నడిసముద్రంలో దిక్కులేకుండా కనబడితే జాలేసి తెచ్చాం."

"అది పరిశోధన."

"చేసుకో, ఎవరొద్దన్నారు? శాలువా నచ్చి ముసలాయన నిన్న వలలు చిరిగేలా చేపలిచ్చాడు. ఇప్పుడు విప్పితే చలికి తుమ్ముతాడు. పండగయ్యాక పట్టుకుపో. ముందీ నిమ్మరసంలో ఊరిన చేపముక్కల సెవిచే తిను తల్లీ, గాలికి నువ్వే కొట్టుకుపోయేలా ఉన్నావు."

రెండో ముద్ద నోట్లో ఉండగా మేడమ్ ఫోన్.

"నెలిదా, సుడి ఆగిపోయిందేంటి? ఏమైంది?"

పడవ ఆపి సాన్ పెద్రోకి పూలు మారుస్తున్నారు. ఆ మాట చెబితే సుడీ పోతుంది, నా డిగ్రీ మళ్లీ మొదటికొస్తుంది. చెప్పకపోతే రేపు లీమా అంతా ఒక పడవకి చప్పట్లు కొడుతుంది.

"హలో, ఉన్నావా?"

మీరే నా చోట ఉంటే, ఆ ముద్ద మింగి ఏం చెబుతారు?