కంట్రోల్ గ్రూపులో కొండబాబు

కొండబాబుకు కోపం ఎక్కువన్న సంగతి నర్సీపట్నం చుట్టుపక్కల మోటారు కాలిన ప్రతి రైతుకూ తెలుసు. బస్టాండు వెనక సందులో ఆయనది మోటార్ల వైండింగ్ షాపు. చెరకు తోటల నుంచి, వరి మళ్ల నుంచి కాలిపోయిన పంపుసెట్లను ఆటోల్లో వేసుకొచ్చేవాళ్లు. ముందు తిట్లు తినాలి, ఆ తర్వాతే మోటారు కిందికి దింపాలి. "వోల్టేజీ లేనప్పుడు స్విచ్చెవడెయ్యమన్నాడు?" అన్నదే ఆయన పలకరింపు. పని మాత్రం గట్టిగా చేసేవాడు. అందుకని జనం తిట్లకు అలవాటు పడిపోయారు.

సాయిలక్ష్మి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది ఆ కోపం కోసమే. ఆమెది పక్క వీధి. విశాఖపట్నంలో ఎం.ఏ. సైకాలజీ చదువుతోంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు చెయ్యాలి. రోజూ పొద్దున్న కాసేపు కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటే మనుషులకు కోపం తగ్గుతుందా లేదా అన్నది ఆమె తేల్చదలుచుకున్న విషయం. దానికి కోపిష్ఠి మనుషులు కావాలి. బజారులో ఎవరినడిగినా మొదట కొండబాబు పేరే చెప్పారు.

"'నాకు చిన్న విషయాలకే కోపం వస్తుంది.' దీనికి ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, అసలు రాదు, ఈ నాలుగింట్లో ఒకటి చెప్పాలి బాబాయ్," అంది సాయిలక్ష్మి ప్రశ్నల కాగితం పట్టుకుని.

"సిన్న విషయాలకి నాకెందుకొస్తాది? నా దగ్గరకొచ్చీవన్నీ పెద్ద విషయాలే."

షాపు వెనకే ఇల్లు. లోపలి నుంచి ఆయన భార్య అచ్చియమ్మ గొంతు వినబడింది. "ఎప్పుడూ అని రాసుకో పాపా."

అలా బజారులో కోపానికి పేరున్న వాళ్లందరినీ పోగుచేసి, ఒక ఆదివారం బడి హాల్లో కూర్చోబెట్టింది. ఎవరు ఏ గ్రూపులో ఉండాలో తను ఎంచకూడదనీ, చీట్లే తేల్చాలనీ ఆమె గైడు గణేశ్వరరావు గారు గట్టిగా చెప్పారు. తను ఎంచితే, తెలియకుండానే కాస్త మెత్తటివాళ్లందరినీ ఒక వైపు వేసేసుకునే ప్రమాదం ఉందట. స్టీలు డబ్బాలో చీట్లు వేసి కలిపింది. సగం మందికి 'కూర్చునే గ్రూపు' అని వచ్చింది. మిగతా సగానికి 'కంట్రోల్ గ్రూపు' అని వచ్చింది. కొండబాబుకు వచ్చింది కంట్రోల్.

"కంట్రోలంటే బియ్యం డిపోనా పాపా? మాకు కార్డుంది, సంచీ తెచ్చుకోలేదు," అంది ఆకుకూరలమ్మే కొండలమ్మ.

బియ్యం కాదని సాయిలక్ష్మి నవ్వుతూ చెప్పింది. "వీళ్లు రోజూ కళ్లు మూసుకుని కూర్చుంటారు. మీరు కూర్చోరు. ఆరు వారాలూ మీరు ఇదివరకు ఎలా ఉన్నారో అలాగే ఉండాలి. ఏమీ మార్చకూడదు. చివర్లో మీ కోపాన్నీ వాళ్ల కోపాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాం."

టైలర్ దేవుళ్లు మొహం ముడుచుకున్నాడు. "అంటే మేం ఉత్తినే ఉండడానికా?"

వాళ్లు చిన్నబుచ్చుకోకూడదని సాయిలక్ష్మి ఇంకో మాట అంది. "ఉత్తినే కాదండీ. కళ్లు ఎవరైనా మూసుకుంటారు. మారకుండా ఉండడమే కష్టం. మీరు మారిపోతే పోల్చడానికి ఏమీ మిగలదు, ప్రయోగమే పాడైపోతుంది. మీరు నిలబడితేనే లెక్క నిలబడుతుంది."

ఆ మాటను మిగతావాళ్లు ఇంటికి వెళ్లే దారిలోనే మర్చిపోయి ఉండేవాళ్లు. కొండబాబు మర్చిపోలేదు. అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలపకుండా ఉండిపోయాడు.

"అచ్చీ, పెళ్లయిన కాడి నుంచి నువ్వు నన్ను మారమన్నావు. మా అమ్మా మారమంది. కొట్టుకొచ్చీవోళ్లూ మారమన్నోళ్లే. నన్ను మారొద్దన్నది ఈ పాపొక్కతే."

మర్నాడు పొద్దున్న అచ్చియమ్మ ఉప్మా చేసింది. ఆయన పళ్లెం వెనక్కి తోశాడు. సోమవారం ఎప్పుడూ ఇడ్లీయే. ఉప్మా తింటే ఒంట్లో ఏం జరుగుతుందో, దానివల్ల కోపం పెరుగుతుందో తగ్గుతుందో ఎవరు చెప్పగలరు? గదికి సున్నం వేయించడం ఆగిపోయింది. కోటవురట్ల నుంచి బావమరిది మత్స్యలింగం కొత్తింటి గృహప్రవేశానికి పిలవడానికొస్తే, రానని చెప్పేశాడు.

"అదేటి బావా! ముహూర్తం మార్చమంటావా?"

"ముహూర్తాన్ని మార్చమనట్లేదు. నేను మారనంటున్నాను."

మత్స్యలింగం అక్కవైపు చూశాడు. అచ్చియమ్మ తల అడ్డంగా ఊపి, "కంట్రోల్లో ఉన్నాడ్రా," అంది.

తానొక్కడూ నిలబడితే చాలదని కొండబాబుకు రెండో వారంలో తోచింది. గ్రూపులో ఒక్కడు జారినా లెక్క జారిపోతుంది. సాయంత్రం షాపు కట్టేసి సందులన్నీ తిరగడం మొదలుపెట్టాడు. టైలర్ దేవుళ్లు భార్య పోరు పడలేక అప్పుడే బీడీలు మానేసి ఉన్నాడు.

"మానీసావా? ఎవర్నడిగి మానీసావు? సీటీ తీసిన రోజుకి కాలుస్తున్నావా లేదా?"

"కాలుస్తన్నాను."

"మరి ఆ పాప సదువేటి కావాల?" అని కొండబాబు స్వయంగా కట్ట కొని అతని చేతిలో పెట్టాడు. దేవుళ్లు భార్య కత్తెర పట్టుకుని వీధి చివరిదాకా ఆయన్ని తరిమింది.

కొండలమ్మ దగ్గర ఇంకో చిక్కు ఎదురైంది. ప్రయోగం మొదలైననాటికి ఆమెకూ పక్కింటి సోమలమ్మకూ కుళాయి దగ్గర పెద్ద గొడవ నడుస్తోంది. ఇప్పుడు ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీసుకుంటున్నారు. కొండబాబు నెత్తి పట్టుకున్నాడు. గొడవ ఉన్నది ఉన్నట్టు ఉండాలని బతిమాలాడు. సోమలమ్మ ఏ గ్రూపులోనూ లేకపోయినా, పొరుగు మనిషి చదువుకి సాయమని ఒప్పుకుంది. మర్నాటి నుంచి నీళ్లొచ్చే వేళకు ఇద్దరూ బిందెలు పట్టుకుని వచ్చి, "నిన్న ఎక్కడ దాకా తిట్టుకున్నామే?" అని అడిగి, అక్కడి నుంచి అందుకునేవాళ్లు. తిట్టే మాట మర్చిపోతే ఒకరికొకరు అందించుకునేవాళ్లు. వినడానికి పై వీధుల వాళ్లు కూడా ఖాళీ బిందెలతో వచ్చేవాళ్లు.

అయితే అసలు కష్టం కొండబాబుకు తన ఇంట్లోనే వచ్చింది. మునుపటిలాగే ఉండాలంటే మునుపు ఎలా ఉండేవాడో తెలియాలి. అది ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి ఒక్కతే.

"అచ్చీ, పులుసు నోట్లో ఎట్టుకున్నాక నేనేటనీవోడిని?"

"నోట్లో ఎట్టుకున్నాక కాదు, ఎట్టుకోకముందే అనీవోడివి. ఉప్పెక్కువైందని."

"సూడకుండానే?"

"సూడకుండానే."

కొండబాబు కాసేపు పులుసు వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఉప్పెక్కువైపోయింది! ఇంట్లో మనుషులున్నారా లేరా!" అని అరిచాడు. అచ్చియమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని ఆయన కంగారుపడ్డాడు. ఆమె నవ్వుతోంది.

అప్పటి నుంచి రోజూ అదే పని. ఊళ్లోంచి నువ్వు రావడం ఆలస్యమైతే నేనేమనేవాణ్ని, నీకు జ్వరమొస్తే ఏం చేసేవాణ్ని అని ఆయన అడిగేవాడు. ఆమె చెప్పేది. జ్వరం సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా మోటారు బేరింగులు కడగడానికి కిరసనాయిలు తెమ్మన్నాడని చెప్పింది. ఆయన ఆ రాత్రి కిరసనాయిలు అడగలేకపోయాడు. ఆమెకు జ్వరం లేదు కాబట్టి అడగక్కర్లేదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

షాపులో కూడా తిట్లు తప్పకుండా తిట్టేవాడు. కానీ కాలిన మోటారు తెచ్చిన రైతు ముఖం చూస్తూ, "వోల్టేజీ లేనప్పుడు…" అని మొదలుపెట్టగానే, ఇది సరిగ్గా వస్తోందా లేదా అన్న అనుమానం వచ్చేది. అనుమానం రాగానే గొంతు తగ్గిపోయేది. రైతులు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లు. ఒకాయన జాలిపడి, "అయిపోయిందా బాబూ? ఇంకేటైనా ఉంటే అనీయండి, నాకు తొందరేం లేదు," అన్నాడు.

ఐదో వారంలో కొండబాబు సాయిలక్ష్మి ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అమ్మా, నన్ను తప్పించీ. నాకు కోపం రావట్లేదు. అరుపొస్తంది కానీ కోపం రావట్లేదు. ఎంత ప్రయత్నం సేసినా లోపల ఏటీ లేదు. నా వల్ల నీ లెక్క పాడైపోతాది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయిలక్ష్మి ఆయన్ని కూర్చోబెట్టి, జరిగిందంతా అడిగి తెలుసుకుంది. బీడీ కట్ట, కుళాయి గొడవ, పులుసు, అన్నీ వింది. ముందు దేవుళ్లు ఇంటికి పరుగెత్తి, బీడీలు మానుకోవచ్చని చెప్పి, అతని భార్యకు క్షమాపణ చెప్పుకుంది. ఆ తర్వాత గణేశ్వరరావు గారికి ఫోన్ చేసింది.

ఆయన అంతా విన్నారు. "అమ్మా, మీరు కంట్రోల్ గ్రూపుని కంట్రోల్ చెయ్యలేకపోయారు," అన్నారు చివరికి.

ఆరు వారాలూ అయ్యాయి. అవే ప్రశ్నలు మళ్లీ అడిగింది. కళ్లు మూసుకుని కూర్చున్న గ్రూపులో కోపం దాదాపు ఎక్కడిది అక్కడే ఉంది. కళ్లు మూసుకున్నాకే ఊళ్లో ఎంత గోలుందో తెలిసిందని కొందరు చెప్పారు. ఏమీ చెయ్యని గ్రూపులో మాత్రం కోపం సగటు బాగా పడిపోయింది. ఇది కాకతాళీయమేమోనని సాయిలక్ష్మి టీ టెస్టు అనే గణాంకాల పరీక్ష చేసి చూసింది. రెండు గ్రూపుల మధ్య తేడా ఊరికే వచ్చేది కాదని తేలింది. టీ టెస్టు చేశానని చెబితే, ఏ కొట్టు టీ అని దేవుళ్లు అడిగాడు.

ఆ లెక్కలన్నీ పంపిన సాయంత్రం గణేశ్వరరావు గారి ఫోన్ వచ్చేసరికి ఆమె వైండింగ్ షాపులో ఉంది. ఫలితం చెబుదామని వెళ్లింది. చుట్టూ చప్పుడు ఎక్కువగా ఉండడంతో స్పీకర్ పెట్టింది.

"గ్రూపుల పేర్లు ఏమైనా తారుమారయ్యాయేమో చూశారా?" అన్నారు ఆయన మెల్లిగా. "అలా అయ్యుంటే మాత్రం చాలా మంచి ఫలితమే."

పేర్లు అటూ ఇటూ మార్చి రాసెయ్యమంటున్నారని ఆమెకు అర్థమైంది. "తారుమారు కాలేదు సార్. చీట్లు నా దగ్గరే ఉన్నాయి."

"అయితే ఇంకేం చేస్తాం? ఈ కంట్రోల్ గ్రూపు చెడిపోయింది. తీసేసి, వేరే మనుషుల్ని పెట్టుకుని మళ్లీ చెయ్యండి."

కొండబాబు రాగి తీగ చుట్ట కింద పడేసి ఫోను లాక్కున్నాడు.

"ఎవరండీ సెడిపోయింది? మమ్మల్ని తీసీసి ఎవర్నెడతారు? మానీసినోడి సేత మళ్లీ బీడీ కాల్పించాను! కలిసిపోయినోళ్ల సేత తిట్టించాను! నా బావమరిది ఇంటికెల్లకుండా మాట పడ్డాను! మాకంటే మారనోళ్లు ఈ నర్సీపట్నంలో ఎక్కడున్నారో సూపించండి, మీ యూనివర్సిటీకొచ్చి…"

షాపు ముందు మోటార్లతో కూర్చున్న రైతులు లేచి నిలబడ్డారు. "వచ్చీసింది, వచ్చీసింది," అన్నాడొకడు సంతోషంగా. అచ్చియమ్మ తడిచేతులతోనే బయటికొచ్చింది.

కొండబాబు నోరు తెరిచి ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. భార్య వైపు తిరిగాడు.

"ఇది మునుపటి లాటిదేనేటే?"

ఆమె చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. "కాదు. మునుపు మధ్యలో ఆగీవోడివి కాదు."

ఫోన్లోంచి గణేశ్వరరావు గారు దగ్గారు. "సాయిలక్ష్మీ, ఆవిడేమన్నారో ఇంకొకసారి చెప్పమనండి. నేను రాసుకుంటున్నాను."

సాయిలక్ష్మి గ్రూపును తీసెయ్యలేదు. తాను అనుకున్నది రుజువు కాలేదనీ, మారకుండా ఉండమన్న ఒక్క మాటకే మనుషులు తమను తాము గమనించుకోవడం మొదలుపెట్టారేమోననీ, అది నిజమో కాదో ఈ ప్రయోగంతో తేల్చలేమనీ ఉన్నదున్నట్టు రాసింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కుళాయి గొడవ పేజీ రెండుసార్లు చదివించుకుని, దీన్ని ఫలితమంటారా వైఫల్యమంటారా అని అడిగాడు. తనకు తెలియదంది. పాస్ చేశారు, మార్కులు మాత్రం మామూలుగానే వేశారు.