కరియకు నిమ్మగడ్డి నూనె

దేవేంద్రప్పకు వైద్యమంటే వాత పెట్టడమే. ఎద్దు కాలు పట్టేసినా, దూడ కడుపు ఉబ్బినా ఇనుప కమ్మీ ఎర్రగా కాల్చి చురుక్కుమనిపించేవాడు. మండకపోతే అది మందే కాదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కుక్క ప్రాణం మీదికి తెచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వానల్లో ఆయన కుక్క కరియకు ఒళ్ళంతా గజ్జి పట్టింది. వెంట్రుకలు రాలి, చీము కారి, దగ్గర నిలవలేనంత కంపు. భార్య ఈరమ్మ ఆదోనిలో బాలకృష్ణయ్య గారింటికి కూలికి పోయేది. ఆ ఇంటి ఇల్లాలు కృష్ణకుమారి చిన్న సీసాలో నిమ్మగడ్డి నూనె పోసిచ్చి, తమ కుక్కకు దీంతోనే తగ్గిందనీ, కానుగ నూనెలో కలిపి పూయమనీ చెప్పింది. ఎంత కలపాలో మాత్రం పాపం ఆమెకూ తెలియదు.

“కలిపితే మందు సచ్చిపోతాది” అని దేవేంద్రప్ప సీసా లాక్కుని, ఏమీ కలపకుండానే పుండ్ల మీద పోశాడు. కరియ అరుపు వీధి చివరిదాకా వినిపించింది. మర్నాటికి చర్మం ఇంకా కమిలిపోయింది. ఆయన కనబడితే చాలు, కుక్క తోక ముడుచుకుని బండి కిందికి దూరేది. దేవేంద్రప్పకు సిగ్గేసింది. ఆ సిగ్గే కోపమైంది.

“పున్నమికి ఎమ్మిగనూరు మీదుగా మాధవరం పోతాండాను. దీన్ని ఏరు దాటించి వదిలేసి వస్తా” అన్నాడు.

“అంతదాకా దాని జోలికి రావద్దప్పా” అంది ఈరమ్మ. బతిమాలలేదు, ఏడవలేదు.

సీసాలో అడుగున మిగిలిన నూనెను కానుగ నూనెలో కలుపుకుని ఆమె పని మొదలుపెట్టింది. కూలి నుంచి రాగానే కుక్కకు పూసి, అది నాక్కోకుండా మూతిని ఒళ్ళో పెట్టుకుని, నూనె ఇంకేదాకా కూర్చునేది. ఒళ్ళు హూనమైన రోజు కూడా మానలేదు. మెల్లగా చెక్కులు రాలాయి. వీపు మీద సన్నగా నూగు మొలిచింది. దేవేంద్రప్ప చూసీ చూడనట్టు చూసేవాడు. ఈరమ్మ ఓపిక మనిషి ఓపిక కాదురా అనుకునేవాడు.

కానీ కుక్క చెవులు ఇంకా పచ్చిపుండే. అన్న మాట అన్నదే కాబట్టి పున్నమి పొద్దున బండి కట్టి, కుక్క కోసం పెరట్లోకి పోయాడు. ఈరమ్మ గాజులు పైకి తోసుకుని తన ముంజేతికే నూనె రాసుకుంటోంది. మోచేతి దగ్గర నల్లగా కాలిన మచ్చ, దాని కింద ఎర్రటిది, ఆ కింద ఇంకొకటి. ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర కాలిందేమో అనుకున్నాడాయన.

“ఏమే ఇది?”

“మండుతాందని సెప్పేకి దానికి నోరు లేదు గదప్పా, నాకుంది. నాకు మండకుంటేనే దానికి పూస్తాండా. సెవుల తోలు మెత్తన. ఇంకా పలచన సేయాల.”

ఎన్ని పశువులకు వాతలు పెట్టాడో! ఒక్కనాడూ ఆ కమ్మీ తన ఒంటికి తాకించుకుని చూడాలని తోచలేదు. ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసీ ఈమె ఎవరో తెలుసుకోలేదనిపించింది. వెనక్కి పోయి బండి విప్పేశాడు. వచ్చి ఆమె ముందు చెయ్యి చాపాడు.

“నీ సేతిమీద ఇంక సోటు లేదు. దీనికి పూయి.”

ఈరమ్మ ఆయన ముఖంలోకి చూసి, రెండు చుక్కలు పూసింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు.

“మండుతాంది” అన్నాడు కాసేపటికి. “ఇంకా కలుపు.”